పద్నాలుగు సూదులు

లైబ్రరీ మెట్ల దగ్గర వాచ్‌మన్ ఆపి, "అమ్మా, రెండో చెప్పేదీ?" అని అడిగేదాకా ఆమెకు తెలియదు, తాను ఒంటి చెప్పుతో అంత దూరం నడిచి వచ్చానని. కిందికి చూసుకుంది. ఎడమ పాదం బోసిగా, దుమ్ము కొట్టుకుపోయి, ఎవరిదో పాదంలా ఉంది. ఇంటి నుంచి ఇరవై నిమిషాల నడక. దారిలో రోడ్డు పని జరుగుతోంది, కంకర కుప్పలు పోసి ఉన్నాయి, ఆ కంకర మీదుగానే వచ్చింది. రాయి గుచ్చుకున్నా తెలియలేదంటే అది కాలా, కర్రా? వాచ్‌మన్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది, మెట్ల మీద కూలబడి ఏడుస్తుందా?

నవ్వడంలో ఆమెకు మంచి పేరుంది. బాగున్నావా అంటే బాగున్నానంటుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది, తినకపోయినా సరే. నొప్పిగా ఉందా అంటే అబ్బే అంటుంది. అడిగినవాళ్లను నొప్పించకూడదన్న పాఠం పుట్టింట్లోనే వంటబట్టింది, మెట్టింటికి వచ్చాక ముదిరింది. ఆడవాళ్లకు ఇదొక జబ్బు, దీనికి ఏ రక్తపరీక్షా లేదు. ఆ జబ్బే ఆమెను ఎంతదూరం తీసుకుపోయిందో చెప్పడానికే ఈ గొడవంతా.

లైబ్రరీలో వెనక వైపు ఒక పొడుగాటి గది ఉంది. జిగురు వాసన, పాత కాగితం వాసన కలిసి అక్కడ ఎప్పుడూ తిష్ఠ వేసుకుని ఉంటాయి. చిరిగిన పుస్తకాలు, వెన్ను విరిగిన నిఘంటువులు, అట్టలు ఊడిన అట్లాసులు అన్నీ ఆ గదికే వస్తాయి. ఆమె పదిహేడేళ్లుగా వాటికి కుట్లు వేస్తోంది. అందరూ బైండరమ్మ అంటారు. కాగితానికి కూడా వాలు, అంటే పీచు పరుచుకున్న దిక్కు, ఉంటుందనీ, వాలుకి అడ్డంగా మడిస్తే పుస్తకం పదేళ్లు బతకదనీ, ఆ వాలు కంటికి కనబడదు, వేలి కొసకే తెలుస్తుందనీ ఆమెకు పెద్ద బైండరు నేర్పాడు. కళ్లు మూసుకుని కాగితం మీద చూపుడువేలు నడిపి, ఇటు అని చెప్పేసేది. పెద్ద బైండరు రెండేళ్లలో రిటైరవుతాడు, ఆయన తరవాత ఆ గదికి ఆమే పెద్ద అని అందరూ అనుకునేవాళ్లు. ఇంట్లో తన మాటకు విలువ ఎంతో ఆమెకు తెలుసు కాబట్టి, ఆ వేలి కొస అంటే ఆమెకు ప్రాణం.

ఆ వేలి కొసే మొదట మోసం చేసింది. ముందు చీమలు పాకినట్టు ఉండేది. తరవాత చేతికి ఎప్పుడూ పల్చటి గ్లవుజు తొడుక్కున్నట్టు. కాగితం ముట్టుకుంటే కాగితమని తెలిసేది, వాలు తెలిసేది కాదు. ఒకరోజు పాత నిఘంటువుకి కుట్టు వేస్తుంటే తెల్లటి పేజీ మీద ఎర్రటి చుక్క పడింది. ఎక్కడిదా అని పైకి చూసింది, కప్పు నుంచి ఏదైనా కారిందేమోనని. తీరా చూస్తే సూది తన బొటనవేలిలో సగం దిగి ఉంది. పెద్ద బైండరు కంగారుగా లేచి వచ్చి సూది లాగి, "అమ్మాయ్, నీకు నొప్పి తెలియలేదా?" అన్నాడు. ఆమె అబ్బే అంది. ఆ ఒక్కసారి మాత్రం అది అబద్ధం కాదు.

చేతులొక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేదేమో. తల కూడా సహకరించడం మానేసింది. కత్తెర కావాలంటే ఆ మాట నోటికి రాదు, "అదే, ఆ కోసేది" అనాల్సివచ్చేది. కూరలో ఉప్పు వేసి, వేశానో లేదో అని మళ్లీ వేసేది. కుళాయి ముందు నిలబడి, ఎందుకొచ్చానబ్బా అనుకుంటూ నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయేది. హాస్టల్లో ఉన్న కూతురు ఫోన్లో, "అమ్మా, ఇది ఇందాకే చెప్పావు" అనేది. నాలుక మంట. కారణం లేకుండా ఏడుపు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే చాలు, ఒళ్లు తూలేది, గోడ పట్టుకోవాల్సివచ్చేది. తనకు పిచ్చి పడుతోందని నిజంగానే భయపడింది. భయపడ్డ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చి ఖాయం చేసేస్తారని అదొక భయం.

అత్తగారు ఖాయం చేయడానికి చెప్పేదాకా ఆగే మనిషి కాదు. "ఉద్యోగం చేసే ఆడదానికి ఇంటి పని చేదవుతుంది. ఉప్పు ఎక్కువేస్తే వంట తప్పించుకోవచ్చని చూస్తోంది" అని కొడుకుతో అనేది. కొడుకు, అంటే ఈమె భర్త, పేపరు లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అనేవాడు. ఆయనకు మందుల షాపు ఉంది. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక కర్టెను. చదివింది మందుల కోర్సే అయినా వీధి వీధంతా ఆయన్ని డాక్టరనే పిలుస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా, ఆయన నోరు అంత మంచిది, కర్టెనుకి అవతల. ముసలమ్మలను పేరుపేరునా పలకరిస్తాడు, పిల్లలకు దగ్గు బిళ్లలు ఊరికే ఇస్తాడు, నీరసమని వచ్చిన ఆడవాళ్లకు సాయంత్రం నాలుగింటికి బలం సూదులు వేస్తాడు. షాపు ముందు బెంచీ ఎప్పుడూ ఖాళీ ఉండదు. ఆ నోరు కర్టెను దాటి ఇవతలకి వచ్చేసరికి అలిసిపోయి ఉంటుంది. ఇంట్లో ఆయనకు మిగిలేది "ఊఁ" ఒక్కటే.

పెద్ద బైండరు పోరగా పోరగా ఆమె ఒకరోజు సెలవు పెట్టి ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది, కళ్లు మూసుకుని నిలబడమంది, తూలితే పట్టుకుంది. రక్తం తీయించింది. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. బీ ట్వెల్వ్ అనే విటమిను ఉండాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదట.

"ఏం తింటారు?" అంది డాక్టరమ్మ.

"ఇంట్లో వండిందేనండీ. గుడ్లు, పాలు, మాంసం, అన్నీ వండుతాను."

"వండింది కాదు, తిన్నది అడుగుతున్నాను."

ఆ లెక్క ఆమె ఎప్పుడూ వేసుకోలేదు. వేసుకోకపోవడం మతిమరుపు వల్ల కాదు. పాలు ఆయన టీకీ, అత్తగారి గ్లాసుకీ సరిపోతాయి. గుడ్లు ఆయన పొద్దుటి పళ్లెంలోకి వెళతాయి. మాంసం వండిన రోజు వడ్డన అత్తగారిది, గరిటె ఈమె పళ్లెం దగ్గరికి వచ్చేసరికి ముక్క అయిపోయి పులుసు మిగులుతుంది. పులుసులోనే రుచంతా ఉంటుందని ఈమె కూడా అనేది. ఇరవై రెండేళ్లుగా అలా అంటూ అంటూ అదే నిజమనుకుంది. దానికి తోడు కడుపులో మంటకని భర్త ఇచ్చిన బిళ్ల ఆరేళ్లుగా రోజూ పరగడుపున వేసుకుంటోంది. తిన్న కాస్తలోంచి కూడా ఆ విటమిను ఒంటికి పట్టకుండా ఆ బిళ్ల అడ్డుపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. కరెంటు వైరు మీద ప్లాస్టిక్ పొర ఉన్నట్టే నరాల మీద కూడా ఒక పొర ఉంటుందట, ఈ విటమిను లేకపోతే ఆ పొర ఊడిపోతుందట. వేళ్లు మొద్దుబారడం, కాలు తెలియకపోవడం, మాటలు దొరక్కపోవడం, ఏడుపు, అన్నీ దాని పనే. త్వరగా సూదులు మొదలుపెడితే చాలావరకు వెనక్కి వస్తుంది, ఆలస్యమైతే చెప్పలేమంది.

బయటికి వచ్చి ఆమె గోడ నీడన నిలబడి ఏడ్చింది. సంతోషంతో. పిచ్చి కాదు. పేరున్న జబ్బు, మందున్న జబ్బు. నాకు పిచ్చి లేదు అని రెండుసార్లు పైకే అనుకుంది, పక్కన కూరగాయల సంచీతో పోతున్న ఆయన తిరిగి చూశాడు కూడా.

ఇంటికొచ్చి రిపోర్టు, చీటీ భర్త చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టి రెండూ చదివాడు. సూదుల కోసం ఆరోగ్య కేంద్రం చుట్టూ తిరగడమెందుకు, షాపు పెట్టుకుని, జనం నవ్వుతారు, నేనే వేస్తాను అన్నాడు. రెండు వారాలు రోజు విడిచి రోజు, తరవాత నాలుగు వారాలు వారానికొకటి, ఆ తరవాత నెలకొకటి. ఆ సాయంత్రం ఆయన కర్టెను ఇవతలకి వచ్చి, దూది తడిపి ఆమె జబ్బ మీద రుద్ది, సూది వేసి, వేసినచోట బొటనవేలితో మెల్లగా రాశాడు. ఆయన చెయ్యి అంత మెత్తగా తన మీద పడి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తులేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "ఎలా ఉంది? ఏమైనా తగ్గిందా?" అని అడిగాడు. ఎలా ఉంది అని. తల ఎత్తి, ఆమె కళ్లలోకి చూసి. ఒక్క సూదితో ఏం తగ్గుతుంది? వేళ్లు ఎప్పట్లాగే మొద్దుగా ఉన్నాయి. కానీ అంత ప్రేమగా అడిగిన మనిషికి లేదని ఎలా చెబుతుంది?

"ఆఁ, కాస్త తగ్గినట్టే ఉందండీ," అంది.

ఆయన తల్లి వైపు చూశాడు. తల్లి కొడుకు వైపు చూసింది. ఇద్దరి పెదాల మీదా అదొక రకం నవ్వు కదిలింది. తనకు నయమవుతోందని సంతోషిస్తున్నారనుకుంది ఈ అమాయకురాలు.

ఆ తరవాత ఐదు నెలలు ఆమెకు నరకం. ఏడు సూదులు పడ్డాయి, పదకొండు పడ్డాయి, పద్నాలుగు పడ్డాయి. మొద్దుతనం మణికట్టు దాటి పైకి పాకింది. నడుస్తుంటే నేల పరుపులా ఉండేది. సూదులు పడుతున్నా తగ్గలేదంటే లోపం మందులో లేదు, తనలోనే ఉందని నమ్మింది. ఒకసారి ధైర్యం చేసి, ఇంకా అలాగే ఉందండీ అంటే, ఆయన చాలా ఓపిగ్గా, "మొదటి సూదికే తగ్గిందన్నావుగా? మళ్లీ ఇప్పుడేమైంది?" అన్నాడు. అత్తగారు కంచం ముందునుంచి, "రాజుగారి వైద్యుణ్ని తెచ్చినా పనిదొంగతనానికి మందు లేదమ్మా" అంది. లైబ్రేరియన్ ఒకరోజు పిలిచి, ఎంతో మర్యాదగా, ఆమెను కుట్టు పని నుంచి తప్పించి పుస్తకాలకు నంబరు చీటీలు అంటించే పనికి మారుస్తున్నానని చెప్పాడు. విశ్రాంతిగా ఉంటుంది, మనసు కూడా కుదుటపడుతుంది అన్నాడు. మనసు సంగతి ఈయనకెలా తెలిసిందో ఆమెకు అర్థం కాలేదు. పదిహేడేళ్ల పనితనం పోయి, చీటీలు అంటించే కూలీగా ఒక స్టూలు మీద కూర్చుంది. ఆ చీటీలు కూడా వంకరగా పడేవి. ఒంటి చెప్పుతో నడిచొచ్చింది ఆ రోజుల్లోనే.

చెప్పు పోయిన వారానికి, మెట్లు దిగుతూ పడిపోయింది. కాలు ఎక్కడ పెట్టిందో కాలికే తెలియలేదు. పెద్ద బైండరు ఆమె మాట వినిపించుకోలేదు. ఇంటికి కబురు పంపుదామంటే కూడా ఒప్పుకోకుండా, ఆటోలో నేరుగా ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాడు. ఎముకలేమీ విరగలేదు. డాక్టరమ్మ మళ్లీ సుత్తి తీసింది, మళ్లీ రక్తం తీయించింది. ఈసారి అర్జెంటని పంపితే గంటన్నరలో వచ్చిన అంకె చూసి ముఖం చిట్లించింది. మొదటిసారి కన్నా ఇంకా తగ్గింది.

"సూదులు వేయించుకోలేదా?"

"పద్నాలుగు వేయించుకున్నానండీ. మా ఆయనే వేశారు. ఒక్కటి కూడా తప్పలేదు."

డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టింది. ఇప్పుడొకటి ఇక్కడే వేయమని నర్సుకి రాసి ఇచ్చింది. నర్సు బుగ్గన ఏదో నములుతూ వచ్చి, ముదురు గోధుమరంగు గాజు సీసా మెడ విరిచి, సిరంజిలోకి మందు లాగింది. ఎర్రగా ఉంది. దానిమ్మ గింజ రసంలా, చిక్కటి ఎరుపు. బైండరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇది కాదండీ. వేరే మందు తెచ్చినట్టున్నారు. నాది తెల్లగా ఉంటుంది, నీళ్లలాగా."

నర్సు నమలడం ఆపింది. "ఇరవై ఏళ్లనుంచి వేస్తున్నానమ్మా, ఏ కంపెనీదైనా ఇది ఎర్రగానే ఉంటుంది. దీని రంగే అది. తెల్లగా ఉండేది యాంటీబయాటిక్ పొడిలో కలిపే నీళ్లు." అని, ఆమె ముఖం చూసి గొంతు తగ్గించి, "ఎవరు వేశారన్నారూ?" అంది.

సూది దిగింది. నొప్పి తెలియలేదు. డాక్టరమ్మ పక్కనే కూర్చుని, ఐదు నెలలు చిన్న కాలం కాదనీ, నడక బాగుపడుతుందనీ, తల తేలికపడుతుందనీ, వేళ్ల సంగతి మాత్రం మాట ఇవ్వలేననీ చెప్పింది. వేళ్లు మళ్లీ కాగితం వాలు పట్టగలవా అని ఆమె అడిగింది. డాక్టరమ్మకు ఆ ప్రశ్న అర్థమైందో లేదో, చూద్దాం అంది. చూద్దాం అంటే ఏమిటో నలభై ఐదేళ్ల ఆడదానికి ఒకరు చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం షాపు మూసి భోంచేసే వేళకు ఇల్లు చేరింది. దారి పొడుగునా మనసు భర్తను కాపాడుతూనే వచ్చింది. పొరపాటున వేరే సీసా తీశాడేమో. కంపెనీవాళ్లే మోసం చేశారేమో. పాపం ఆయనకు మాత్రం ఏం తెలుసు. పద్నాలుగు సార్లు పొరపాటు జరగదని తెలిసి కూడా అలాగే అనుకుంది. ఇరవై రెండేళ్ల కాపురం ఒక్క ఎర్ర రంగుకి కూలిపోకూడదని ఆమెకు అంత ఆశ.

ఆయన కంచం ముందున్నాడు. అత్తగారు వడ్డిస్తోంది. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి, గొంతు పెంచకుండా అడిగింది, "నాకు వేసిన మందు ఏ రంగండీ?"

ఆయన ముద్ద ఆగలేదు. నమిలి, మింగి, నీళ్లు తాగి, "ఆరోగ్య కేంద్రానికి వెళ్లావా?" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటతో ఆమె ఆశ చచ్చిపోయింది. తెలియనివాడైతే ఏ రంగేమిటి అని అడిగేవాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, షాపులో ముసలమ్మలతో మాట్లాడే గొంతుతోనే మాట్లాడాడు. కోపం లేదు, సిగ్గు అసలే లేదు. ఈ రోజుల్లో ఎవరి రక్తం తీసినా ఆ అంకె తక్కువే వస్తుందన్నాడు, ల్యాబులవాళ్లు కూడా బతకాలి కదా అన్నాడు. అమ్మ నాటకమంటుంటే, నువ్వు జబ్బంటుంటే, నేను ఎవరిని నమ్మాలి అన్నాడు. అందుకని తేల్చుకుందామనుకున్నాడట.

"నిజం జబ్బయితే మందుకు తగ్గుతుంది, నాటకమైతే నీళ్లకు తగ్గుతుంది. నీకు నీళ్లకు తగ్గింది. మొదటిరోజే తగ్గింది. నీ నోటితో నువ్వే చెప్పావు."

ఆమె విన్నది. కాఫీ, ఆ చూపు, ఆ నవ్వు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఎలా ఉంది అని ఆయన అడిగింది ప్రేమతో కాదు, పరీక్ష ఫలితం కోసం. తను తగ్గిందన్నది ఆయన మనసు కష్టపెట్టకూడదని. ఆ మర్యాదే సాక్ష్యం, ఆ మర్యాదకే శిక్ష. ఐదు నెలలపాటు తల్లీకొడుకులు తన ప్రతి తూలుడినీ, ప్రతి ఏడుపునీ చూసి కళ్లతో సైగలు చేసుకున్నారు. లైబ్రేరియన్ బీపీ బిళ్లలకు ఇక్కడికే వస్తాడు, ఆయన చెవిలో కూడా వేసే ఉంటారు. పద్నాలుగు సార్లు ఆ చెయ్యి తన జబ్బ మీద మెత్తగా రాసింది. పద్నాలుగు సార్లు ఆమె ఆ చెయ్యి కోసం ఎదురుచూసింది, ఛీ, సూది రోజున మంచి జాకెట్టు కూడా వేసుకుంది. కొట్టినా ఇంత అవమానం అనిపించేది కాదు. కంచే చేను మేస్తుందని సామెత వినడమే, మేస్తున్నంతసేపూ చేను సంతోషపడిందని మాత్రం ఏ సామెతా చెప్పలేదు.

"నా వేళ్లు పోయాయి," అంది.

"వస్తాయిలే. రేపటినుంచి అసలు మందే వేస్తాను. ఈమాత్రం దానికి ఊరంతా చాటుతావా?" ఆయన గొంతులో మొదటిసారి చిరాకు వినబడింది. "పైగా ఏదో నీ ఒక్కదానికే చేసినట్టు. బెంచీ మీద కూర్చునే ఆడవాళ్లలో సగం మందికి నేను వేసేది అదే. నీరసం, తిమ్మిరి, మతిమరుపు, అన్నీ మనసు జబ్బులే. ఒక్కరంటే ఒక్కరు తగ్గలేదన్నారా? అడుగు పోయి. అందరికీ తగ్గింది."

అత్తగారు కంచం తీసి, బల్ల తుడవడం మొదలుపెట్టింది. వాళ్ల మట్టుకు ఆ మాట అక్కడితో అయిపోయింది.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. బెంచీ మీద కూర్చునేవాళ్లందరూ ఆమెకు తెలుసు. ఎదురింటి టైలరమ్మ చేతిలోంచి కత్తెర జారిపోతోందని చెప్పింది. బడిలో ఆయాగా చేసే ఆమె, పిల్లల పేర్లు మర్చిపోతున్నానమ్మా అని నవ్వుతూ చెప్పుకుంది, నవ్వు వెనక ఎంత భయముందో బైండరమ్మకు కాక ఇంకెవరికి తెలుస్తుంది. వాళ్లు కూడా ఇళ్లలో గరిటె చివర పులుసు తినేవాళ్లే. వాళ్లను కూడా ఆయన దూదితో రుద్ది, మెల్లగా రాసి, ఎలా ఉందమ్మా అని అడిగే ఉంటాడు. ఎలా ఉంది అని ఆ మాట వాళ్లను ఇంట్లో ఎవరడిగారు? అడిగిన ఒక్క మనిషినీ నొప్పించలేక, ఒకరి తరవాత ఒకరు, తగ్గింది డాక్టరుగారూ అని ఉంటారు. అన్న ప్రతిసారీ ఆయనకు తన తెలివి మీద నమ్మకం పెరిగి ఉంటుంది. ఆ నమ్మకంతోనే కర్టెను దాటి వచ్చి తనకూ సూది పొడిచాడు.

నాలుగైంది. ఆయన చొక్కా సర్దుకుని షాపులోకి వెళ్లి షట్టరు ఎత్తాడు. బయటి వెలుగు కర్టెను కిందనుంచి లోపలికి వచ్చింది. పలకరింపులు మొదలయ్యాయి, మంచి నోరు పని మొదలుపెట్టింది.

ఆమె లేచి, గోడ పట్టుకుని, కర్టెను తీసుకుని షాపులోంచే బయటికి నడిచింది. ఆయన, "మందుల చీటీ ఇటివ్వు, పొద్దున నేనే వేస్తాను" అన్నాడు, నలుగురూ వింటారు కనక మెత్తగానే. "మీ చేత్తో వద్దు," అంది, అంత మెత్తగానూ. బెంచీ మీద టైలరమ్మ, బడి ఆయమ్మ, ఇంకో ఇద్దరు ఉన్నారు. టైలరమ్మ జరిగి చోటిచ్చింది.

"సూదులు పడుతున్నాయటగా బైండరమ్మా. ఎలా ఉంది, తగ్గిందా?"

ఆఁ, పర్లేదు అన్న మాట అలవాటుకొద్దీ నాలుక చివరికి వచ్చేసింది. లోపల ఆయన ఎవరికో బిళ్లలు కత్తిరిస్తూ చెవి ఇటు వేశాడు. ఆమె ఆ మాటను మింగింది. మింగడం ఎంత కష్టమైందంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తగ్గలేదు," అంది, లోపలికి వినబడేలా. "ఎప్పుడూ తగ్గలేదు. నాకు వేసింది ఉత్త నీళ్లు. అసలు మందు ఎర్రగా ఉంటుంది. నీకు వేసేది ఏ రంగు?"

కత్తెర చప్పుడు ఆగింది. టైలరమ్మ షాపు లోపలికి చూసింది, బైండరమ్మ ముఖంలోకి చూసింది, మళ్లీ తన వేళ్లను చూసుకుంది.

"తెలుపు," అంది.

"నాదీ తెలుపే," అంది ఆయమ్మ. ఎవరూ అడగకుండానే, "నాకూ తగ్గలేదు," అంది.

"ఆరోగ్య కేంద్రం ఐదున్నరదాకా తెరిచి ఉంటుంది," అంది బైండరమ్మ. "నాకు నడక కుదురుగా లేదు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకోండి, పోదాం."